కళ్లు మూసుకుని కూర్చుంటే ఏమి దొరుకుతుంది?



మొన్న ఒక ఆదివారం దివ్యబలిపూజ ముగిసిన తరువాత నకిరేకల్‌లో గుడి పక్కన వేపచెట్టు కింద ఒక తల్లి నా కోసం నిలబడి ఉంది. అందరూ వెళ్లేదాకా ఆగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెల్లగా అన్నది: "ఫాదర్, మా పిలగాడు బుద్ధుని ధ్యానానికి పోయిండు. పది దినాలు మాట ముచ్చట లేకుండ కూసున్నడట. ఇగ వాడు మనోడు కాదా?"

కొడుకు హైదరాబాదులో ఉద్యోగం చేస్తాడు. నా చేతుల మీదుగా దివ్యసత్ప్రసాదం మొదటిసారి స్వీకరించిన పిల్లవాడే. ఆ సాయంత్రమే భార్యతో, రెండేళ్ల పాపతో విచారణ గృహానికి వచ్చాడు. దాచుకోకుండా చెప్పాడు. "ఫాదర్, ముప్పై ఏండ్లు జపమాల చెప్పిన. నోరు తిరిగింది గాని మనసు తిరగలే. అక్కడ పది రోజుల్లో మొదటిసారి నా మనసును నేను చూసిన. మీరు నాకు ఇది ఎందుకు నేర్పలేదు?"

అతని ప్రశ్న నాకు గుచ్చుకుంది. తల్లి ప్రశ్న కూడా గుచ్చుకుంది. ఇద్దరికీ ఆ రోజు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇలాంటి పిల్లలు మీ ఇళ్లలోనూ ఉన్నారు కాబట్టి, ఆ జవాబును మీతో కలిసి వెదుకుదామని ఈ వారం ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. బౌద్ధం మనకు పరదేశపు సరుకు కాదు. మన పాత నల్గొండ జిల్లా నేల అంతా దాని అడుగుజాడలే. సూర్యాపేట వైపు ఫణిగిరి కొండ మీద భిక్షువులు నివసించిన గదులు, స్తూపం, చెక్కిన తోరణపు రాళ్లు బయటపడ్డాయి. సాగర్ ఆనకట్ట నీటిలో మునగకముందు, 1954 నుండి 1960 వరకు నాగార్జునకొండ లోయను తవ్వితే ఇక్ష్వాకు రాజుల కాలపు విహారాలు వరుసగా కనిపించాయి. 2022 మే నెలలో సాగర్ ఒడ్డున 274 ఎకరాల బుద్ధవనాన్ని ప్రారంభించారు. సాగర్‌లో విపస్సన ధ్యాన కేంద్రం కూడా ఉంది. హైదరాబాదులో సాగర్ రోడ్డు మీద ఉన్న ధమ్మఖేత్త కేంద్రం 1976లో మొదలైంది. మన నల్గొండ మేత్రాసనం ఏర్పడిందీ ఆ సంవత్సరమే. కాబట్టి ఆ యువకుడు ఏదో దూరదేశానికి వెళ్లలేదు. ఇరుగింటికి వెళ్లాడు.

ఆ ఇరుగింట్లో ఏమి జరుగుతుంది? విపస్సనను మన దేశంలో తిరిగి వ్యాపింపజేసినవారు సత్యనారాయణ గోయంకా. 1924లో బర్మాలోని మాండలేలో పుట్టిన వ్యాపారి. తీవ్రమైన తలనొప్పికి మందు వెదుకుతూ 1955లో ఊ బా ఖిన్ అనే గురువు దగ్గరకు వెళ్లి ధ్యానం నేర్చుకున్నారు. 1969లో మన దేశానికి వచ్చి నేర్పడం మొదలుపెట్టారు. 2013లో కన్నుమూశారు. ఆయన పద్ధతిలో శిబిరం పది రోజులు. తెల్లవారుజామున నాలుగు గంటలకు గంట మోగుతుంది. రోజుకు దాదాపు పది గంటలు కూర్చోవాలి. మాటలు లేవు, ఫోను లేదు, పుస్తకం లేదు. మొదటి మూడు రోజులు ముక్కు దగ్గర శ్వాస రాకపోకలను గమనించడమే పని. తరువాత ఒంటిలో కలిగే నొప్పి, మంట, చల్లదనం, ఏది వచ్చినా కోరకుండా, తోయకుండా చూడడం. చివర అందరి మేలు కోరే మైత్రీ భావన. రుసుము లేదు. ఇదివరకు నేర్చుకున్నవారు ఇచ్చిన కానుకలతోనే అది నడుస్తుంది. శిబిరంలో ఉన్నన్నాళ్లు ఎవరి మతపు ప్రార్థన అయినా, జపమాల అయినా పక్కన పెట్టమంటారు. పది రోజుల్లో ఒక ఆదివారమైనా వస్తుంది కదా. కతోలికులకు ఇది చిన్న విషయం కాదు.

సరే, దీనివల్ల ఏమైనా ఒరుగుతుందా?

వైద్యుల లెక్క ఒకటి ఉంది. 2014లో అమెరికా వైద్య పత్రిక ఒకటి అంతవరకు ధ్యానం మీద జరిగిన మంచి పరీక్షలను 47 ఏరి, మొత్తం 3,515 మందికి సంబంధించిన ఫలితాలను కలిపి చూసింది. ఆందోళన, దిగులు, నొప్పి కొంతవరకు తగ్గుతాయని తేలింది. అయితే వ్యాయామం, మందులు వంటి ఇతర చికిత్సల కంటే అది మేలైనదని రుజువు కాలేదు. అంటే మేలు ఉంది, మహిమ లేదు. ఒక మాట గట్టిగా చెప్పాలి. మానసిక వ్యాధికి మందులు వాడుతున్నవారు వైద్యుణ్ణి అడగకుండా అలాంటి దీర్ఘ మౌనానికి వెళ్లకూడదు. అణిగి ఉన్న భయాలు ఆ నిశ్శబ్దంలో లేచి కొందరిని బాధించినట్లు కూడా పరిశోధకులు నమోదు చేశారు.

కాని ఆ తల్లి అడిగింది తలనొప్పి గురించి కాదు. ఆ కొడుకు పొందానని చెప్పింది కూడా తలనొప్పి మందు కాదు. అందుచేత ప్రశ్నను ఇంకొంచెం లోతుకు తవ్వుదాం. అసలు "లాభం" అనే మాట దేవుని ముందు, సత్యం ముందు కూర్చున్నప్పుడు వాడదగినదేనా?

విచిత్రమేమంటే, ఈ ప్రశ్న బౌద్ధుల ఇంట్లోనే ఎప్పుడో పుట్టింది. నాగార్జునకొండలోని మహాస్తూపం దగ్గర రాతి స్తంభాల మీద శాసనాలున్నాయి. రాజు చాంతమూలుని సోదరి చాంతిసిరి అక్కడి దాతలలో ముఖ్యురాలు. తన పుట్టింటికి, మెట్టినింటికి మేలు కలగాలని, తనకు నిర్వాణం కలగాలని స్తంభం నిలిపించినట్లు ఆమె రాయించుకుంది. అది చదివినప్పుడు నాకు మన గుడిలోని ఫ్యాన్లు గుర్తుకు వచ్చాయి. ప్రతి ఫ్యాను రెక్క మీదా ఒక దాత పేరు, ఒక చనిపోయినవారి పేరు ఉంటుంది కదా! పదిహేడు వందల ఏళ్లలో మనిషి మనసు పెద్దగా మారలేదు. ఫణిగిరి కొండ మీద 2024లో ఒక కుండ నిండా 3,730 సీసపు నాణేలు దొరికాయి. అన్నీ వదిలినవారి కొండ మీద కూడా ఎవరో ఏదో దాచుకున్నారు.

మరొకవైపు, ఏ నాగార్జునుని పేరు ఆ కొండకు నిలిచిందో ఆ ఆచార్యుడు సంసారానికీ నిర్వాణానికీ మధ్య వెంట్రుకంత తేడా కూడా లేదని వాదించాడు. తేడా లేనప్పుడు ఇక్కడినుండి అక్కడికి వెళ్లి సంపాదించేది ఏమిటి? దక్షిణ దేశం నుండి చైనా వెళ్లినట్లు చెప్పే బోధిధర్ముని కథ కూడా ఇదే చెబుతుంది. ఎన్నో విహారాలు కట్టించిన చక్రవర్తి, నాకు ఎంత పుణ్యం వచ్చిందని అడిగాడట. ఏమీ రాలేదని ఆ భిక్షువు జవాబు. కాబట్టి బౌద్ధంలోని గొప్పవారు కూడా లాభం లెక్కించే మనసును అనుమానించారు. ధ్యానం వల్ల నాకేమి వచ్చిందని వేళ్లు మడిచి లెక్కపెట్టేవాడు ధ్యానం చేయడం లేదు, బేరం చేస్తున్నాడు.

ఇప్పుడు మన ఇంటి సంగతి చూద్దాం. యోబు గ్రంథం మొదటి అధ్యాయం తొమ్మిదవ వచనంలో సాతాను దేవుణ్ణి ఒక పదునైన ప్రశ్న అడుగుతాడు. యోబు ఊరకే దేవునికి భయపడుతున్నాడా అని. నా ఆలోచనలో పవిత్ర గ్రంథమంతటిలో మన భక్తిని ఇంతగా పరీక్షించే ప్రశ్న మరొకటి లేదు. తొమ్మిది మంగళవారాలు అంతోనివారి నవదిన ప్రార్థన, వీసా కోసం. గుణదలకు మొక్కు, సంబంధం కుదరడం కోసం. వేళాంగణ్ణికి ప్రయాణం, కోర్టు కేసు కోసం. అడగడం తప్పు కాదు. అడగమని ప్రభువే చెప్పారు. కాని అడగడం తప్ప మరేమీ లేని ప్రార్థన ఎలాంటిది? తండ్రి జేబు వైపు తప్ప ముఖం వైపు ఎన్నడూ చూడని కొడుకు లాంటిది. ఆ యువకుడు జపమాలలో మనసు తిరగలేదన్నాడు. తప్పు జపమాలది కాదు. దాన్ని మనం అతనికి లెక్కగా నేర్పాం, ధ్యానంగా నేర్పలేదు. ఇందులో నా పాలు కూడా ఉంది. ప్రతి దేవరహస్యం దగ్గర ఆగి క్రీస్తు జీవితాన్ని చూడమని నేను పీఠం మీదనుండి ఎన్నిసార్లు చెప్పాను? ఊరేగింపు చందా గురించి మాత్రం చాలాసార్లు చెప్పాను.

శ్రీసభ ఈ విషయంలో ఏమంటున్నది? 1965 అక్టోబరు 28న ద్వితీయ వాటికన్ మహాసభ వెలువరించిన ప్రకటన, ఇతర మతాలలోని సత్యమైన, పవిత్రమైన దేనినీ శ్రీసభ తృణీకరించదని చెప్పి, బౌద్ధాన్ని పేరు పెట్టి గౌరవంగా ప్రస్తావించింది. 1989 అక్టోబరులో కార్డినల్ రాట్సింగర్ సంతకంతో విశ్వాస సిద్ధాంత సంస్థ ఒక లేఖ రాసింది. తూర్పు దేశాల ధ్యాన పద్ధతులను చూడకుండానే తోసివేయవద్దని, అయితే ఒంటికి కలిగే హాయిని పవిత్రాత్మ ఇచ్చే ఓదార్పుగా పొరబడవద్దని హెచ్చరించింది. మనవాళ్లు కూడా పొరపాట్లు చేశారు. రెండవ జాన్‌పాల్ జగద్గురువులు 1994లో వెలువడిన గ్రంథంలో బౌద్ధం గురించి రాసిన మాటలకు నొచ్చుకుని, 1995 జనవరిలో ఆయన శ్రీలంకకు వచ్చినప్పుడు అక్కడి ప్రముఖ భిక్షువులు సమావేశానికి రాలేదు. ఇరుగింటి గురించి మాట్లాడేటప్పుడు ఎంత జాగ్రత్త కావాలో ఇది చెబుతుంది.

దీనికి పూర్తిగా ఎదురైన ముచ్చట మరొకటి ఉంది. మధ్యయుగాలలో క్రైస్తవ దేశాలన్నిటా బర్లాము, యోసఫాతు అనే పునీతుల కథ చెప్పుకునేవారు. రాజభవనంలో పెరిగిన యువరాజు రోగిని, ముసలివాణ్ణి చూసి అన్నీ వదిలి సన్యాసి అవుతాడు. రోమను పునీతుల స్మరణ పట్టికలో నవంబరు 27న వారి పేర్లు కూడా చేరాయి. తరువాత పండితులు చూస్తే అది బుద్ధుని కథే. బోధిసత్త్వుడు అనే పేరే భాషలు మారి మారి యోసఫాతు అయింది. తెలియకుండానే మన పూర్వులు ఆ శాక్య యువరాజును ఒక పునీతునిగా స్మరించారు!

శ్వాసను గమనించడం కూడా మనకు కొత్త కాదు. పునీత లొయోలా ఇగ్నేషియస్ తన ఆధ్యాత్మిక సాధనలలో ఒక ప్రార్థన విధానం చెప్పారు. ఒక్కొక్క శ్వాసకు పరలోక జపంలోని ఒక్కొక్క మాట. తూర్పు శ్రీసభ సన్యాసులు శ్వాసతో కలిపి యేసు నామాన్ని జపించారు. తేడా ఎక్కడ? విపస్సనలో శ్వాస మీద చూపు నిలపడమే సాధన. మన దగ్గర శ్వాస ఒక గుమ్మం. లోపల ఒకరు కూర్చుని ఉన్నారని మన విశ్వాసం. ప్రార్థన అంటే మనకు ఒక స్థితి కాదు, ఒక సాంగత్యం.

ఆ యువకుడు దీనికి అడ్డు చెప్పాడు. "ఆ ఒకరిని పట్టుకోవడం కూడా తగులాటమే కదా ఫాదర్?" మంచి ప్రశ్న. గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో నేనూ అడిగిన ప్రశ్నే. నా జవాబు ఇది. దేవుడిచ్చే హాయిని పట్టుకుంటే అది తగులాటమే. పునీత సిలువ యోహాను చెప్పిన చీకటి రాత్రి అందుకే ఉంది. దేవుడు తానే ఆ తీపిని తీసివేసి, తీపి లేకపోయినా నిలబడతావా అని చూస్తాడు. కాని ఒకరిని ప్రేమించడం, ఒకరి వల్ల కలిగే హాయిని పట్టుకోవడం ఒకటి కాదు. రోగంతో మంచం పట్టిన భార్యకు పదేళ్లు సేవ చేసినవాణ్ణి మీరు చూశారు. అతనికి ఏ హాయి దొరికింది? అయినా మంచం వదలలేదు. దాన్ని తగులాటం అందామా?

బౌద్ధ గ్రంథాలలో కిసాగోతమి అనే తల్లి కథ ఉంది. చనిపోయిన బిడ్డను ఎత్తుకుని బుద్ధుని దగ్గరకు వస్తుంది. చావు జరగని ఇంటినుండి ఆవాలు తెమ్మంటాడు ఆయన. ఇల్లిల్లూ తిరిగి, అలాంటి ఇల్లు లేదని తెలుసుకుని బిడ్డను ఖననానికి అప్పగిస్తుంది. ఆ కథలో కఠినత్వం లేదు. సత్యం ఉంది. బెతానియలో మన ప్రభువు లాజరు సమాధి దగ్గర ఏమి చేశారు? తాను అతన్ని లేపబోతున్నానని తెలిసి కూడా కన్నీరు కార్చారని యోహాను సువిశేషం పదకొండవ అధ్యాయం చెబుతున్నది. మరణం అందరికీ ఉన్నదన్నది సత్యమే. అయినా ఈ లాజరు వేరు, ఈ మరియ కన్నీరు వేరు. మన విశ్వాసం దుఃఖాన్ని ప్రేమనుండి వేరు చేసి నయం చేయదు. దాన్ని మోసి, దాని గుండా పునరుత్థానానికి తీసుకువెళుతుంది. నేను చావు ఇళ్లకు వెళ్లినప్పుడు ఈ రెండు కథలూ నాతో వస్తాయి. మొదటిది నన్ను అబద్ధపు ఓదార్పు చెప్పనివ్వదు. రెండవది నన్ను దూరంగా నిలబడనివ్వదు.

మాటలు చాలుననుకుని ఆ యువకుణ్ణే అడిగాను, ఒకసారి నాతో కూర్చోమని. ఇరవై నిమిషాలు ఇద్దరం కళ్లు మూసుకుని కూర్చున్నాం. నాకు ఏమి దొరికిందో దాచకుండా చెబుతాను. శాంతి దొరకలేదు. ప్రహరీగోడ పని సగంలో వదిలేసిన మేస్త్రీ మీద ఆరు నెలలుగా నాలో ఉన్న కోపం దొరికింది. అది పోయిందనుకున్నాను. పోలేదు, గొంతు కింద వేడిగా కూర్చుని ఉంది. రోజూ దివ్యబలిపూజ అర్పించే చేతుల వెనుక ఆ వేడి ఉంది. దాన్ని చూపించినందుకు ఆ నిశ్శబ్దానికి నేను రుణపడ్డాను. కాని చూసినంత మాత్రాన అది పోలేదు. మరునాడు పాపసంకీర్తనానికి వెళ్లాను. ఆ తరువాత మేస్త్రీ ఇంటికి వెళ్లాను. అతని భార్య ఆసుపత్రిలో ఉన్న సంగతి అప్పుడు తెలిసింది. అద్దం మురికిని చూపుతుంది. కడగడానికి నీళ్లు కావాలి. ఆ నీళ్లనే మనం వరప్రసాదం అంటాం. అది మన కూర్చోవడంతో సంపాదించుకునేది కాదు.

ఇక అసలు తీర్పు నాది కాదు, ఆ యువకునిది కూడా కాదు. ధ్యానం ఏమిచ్చిందో ధ్యానం చేసినవాణ్ణి అడగవద్దు, అతని ఇంట్లోవాళ్లను అడగండి. నేను అతని భార్యను అడిగాను. ఆమె నవ్వి చెప్పింది. "కోపం తగ్గింది ఫాదర్, అబద్ధం చెప్పను. ఇదివరకు ప్లేటు విసిరేటోడు. గాని పొద్దున గంట కూసున్నడంటే పాప ఏడ్చినా లేవడు." అతను తల దించుకున్నాడు. నేనూ దించుకున్నాను. నిత్య ప్రార్థన పుస్తకం చేతిలో ఉండగా తలుపు తట్టినవారిని ఎన్నిసార్లు "తరువాత రమ్మను" అన్నానో నాకు తెలుసు. ప్రార్థన వేళ పేదవాడు పిలిస్తే లేచి వెళ్లు, అది దేవుణ్ణి దేవుని కోసమే విడిచి వెళ్లడం అని పునీత విన్సెంట్ ది పాల్ తన కన్యస్త్రీలకు నేర్పారు. బుద్ధుడు ఆ గదిలో ఉంటే ఆయన కూడా పాపను ఎత్తుకోమనే చెబుతాడని నా నమ్మకం. శిబిరం చివరి రోజు మైత్రిని నేర్పేది అందుకే కదా.

తల్లిదండ్రులారా, మీ ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇది. ఆ ధ్యానం వల్ల ఏమీ రాదని చెప్పకండి. అది నిజం కాదు, మీ పిల్లలకు అది నిజం కాదని తెలుసు. కోపాన్ని చూసే కన్ను, నోటికి కొంత అదుపు, కొంత ఓర్పు వస్తాయి. అవి మంచివి. కాని అవి రక్షణ కావు. వాటితో గర్వం కూడా పెరగవచ్చు, దేవాలయంలో నిలబడిన పరిసయ్యునికి ఉపవాసంతో పెరిగినట్లే. పిల్లలు దూరమవుతున్నారని తిట్టకండి. పూజకు రమ్మని బలవంతం చేసే ముందు, మీరు పూజనుండి ఎలా ఇంటికి వస్తున్నారో వారు చూస్తున్నారని గుర్తుంచుకోండి.

యువతీయువకులారా, మీకు ఒక్క మాట. మౌనం నేర్చుకున్నారు, సంతోషం. ఆ మౌనంతోనే ఒక ఆదివారం గుడికి రండి. మనసు చెదరకుండా చూడడం నేర్చుకున్నవారు దివ్యసత్ప్రసాదం ముందు కూర్చుని చూడండి. అక్కడ మీరు చూడడమే కాదు, మిమ్మల్ని కూడా ఒకరు చూస్తున్నారు. ఎంత లాభమని అడగకండి. పునీత పౌలు ఫిలిప్పీయులకు రాసిన లేఖ మూడవ అధ్యాయంలో తన లాభాలన్నిటినీ నష్టంగా ఎంచుకున్నాడు, క్రీస్తును ఎరగడం కోసం.

మన విచారణలో చిన్న మార్పు ఒకటి చేశాం. దివ్యసత్ప్రసాదం స్వీకరించిన తరువాత ఐదు నిమిషాలు పాట లేదు, ప్రకటన లేదు. మొదటి వారం దగ్గులు, చెప్పుల చప్పుడు, రోడ్డు మీద బస్సు హారన్లు. రెండవ వారం కొంచెం తగ్గాయి. మూడవ వారం వెనుక వరుసలో ఆ యువకుడు కూర్చుని ఉన్నాడు. ఎందుకు వచ్చావని నేను అడగలేదు. పాప ఏడ్చింది. అతను లేచి, ఎత్తుకుని, ఆ వేపచెట్టు కిందికి వెళ్లాడు.

మీ విచారణలో కూడా అలా ఐదు నిమిషాలు కూర్చుని చూడండి. దేవుడు మిమ్మల్ని, మీ పిల్లలను దీవించునుగాక.